అత్తమ్మ తాగని నీళ్లు

నల్గొండ జిల్లా నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు కాబట్టి సారం మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు ముప్పై ఆరేళ్లు, ఇద్దరు పిల్లలు. భర్తకు బండి వేసుకుని తిరగడమంటే ప్రాణం. రెండేళ్ల కింద రెండు టెంట్లు, ఒక చిన్న గ్యాస్ పొయ్యి కొన్నారు. సెలవులు దొరికితే ఇంటిల్లిపాదీ ఏదో ఒక చెరువు గట్టుకో, నది ఒడ్డుకో పోయి రెండు రాత్రులు గడిపి వస్తారు. అత్తమ్మ కూడా వెంట ఉంటుంది. ఆమెకు అరవై ఎనిమిదేళ్లు. మర్రిగూడ వైపు పుట్టి పెరిగిన మనిషి. చిన్నప్పటి నుంచి తాగిన ఫ్లోరైడు నీళ్లకు మోకాళ్లు సగమే వంగుతాయి, నడుము బిగుసుకుపోయింది. ఇంటి నల్లా నీళ్లు తప్ప బయట చుక్క ముట్టదు.

పోయిన ఎండాకాలం కృష్ణ ఒడ్డున సోమశిల దగ్గర బంధువుల చెలకలో దిగారు. అత్తమ్మ తన రాగి బిందె నిండా నీళ్లు నింపి, మూతి మీద గుడ్డ కట్టి, కాళ్ల దగ్గర పెట్టుకున్నది. కొల్లాపూర్ దాటాక ఒక మలుపులో బిందె ఒరిగి సీట్ల కిందంతా నీళ్లయ్యాయి. "ఇరవై రూపాయలు పెడితే సీసా దొరకదా? ఈ బిందెలు మోసుడేందమ్మా?" అని భర్త కసిరాడు. డిక్కీలో ఇరవై లీటర్ల క్యాను ఒకటి, సీసాల కట్ట ఒకటి ఉన్నాయి. క్యాను నీళ్లు గిన్నెలు కడగడానికి, పిల్లల కాళ్లకు పోయాయి. రెండో రోజు పొద్దుగూకేసరికి సీసాలూ అయిపోయాయి. చెలకలోని బోరు నీళ్లు కాచి తాగుదామన్నాడు భర్త. అందరూ తాగారు, అత్తమ్మ తాగలేదు. తెల్లారి లేచి నిలబడబోయి కళ్లు తిరిగి పడింది. సెలైన్ పెట్టించి ఇంటికి తెచ్చారు.

ఇప్పుడు సంక్రాంతి సెలవులకు మరిది కుటుంబంతో కలిసి మళ్లీ అక్కడికే పోదామనుకుంటున్నారు. పెద్దలు ఐదుగురు, పిల్లలు నలుగురు, రెండు బండ్లు, రెండు రాత్రులు. "నేను రాను, మీరు పోయి రాండ్రి" అంటున్నది అత్తమ్మ. "రాకుంటేనే మంచిది, ఆమె కోసం ట్యాంకరు కట్టుకొని పోతమా" అన్నాడట భర్త, ఆమెకు వినపడేటట్టే. "ఆయన చెప్పేది సైన్సు, అత్తమ్మది మొండితనం అంటున్నరు అందరూ. నాకు అట్ల అనిపిస్తలేదు. ఆమెను వదిలేసి పోవాల్నా? తీసుకపోతే ఎన్ని నీళ్లు, ఎట్ల మోయాలె?" ఇదీ ఆమె ప్రశ్న.

అమ్మా,

మీకు అనిపించిందే నిజం. అత్తమ్మది మొండితనం కాదు. మీ వారిది పూర్తిగా సైన్సూ కాదు. ముందు ఈ సంగతి తేలితే లీటర్ల లెక్క తేలిక.

నీళ్లు కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడు పోదు. ఆవిరై పోయేది నీరే కదా, ఫ్లోరైడు గిన్నెలోనే ఉంటుంది. ఎంత ఎక్కువసేపు మరిగిస్తే మిగిలిన నీళ్లలో దాని పాలు అంత పెరుగుతుంది. క్లోరిన్ బిళ్ల వేసినా, గుడ్డతో వడపోసినా, రాగి బిందెలో రాత్రంతా ఉంచినా అది పోదు. రంగుండదు, వాసనుండదు, నాలుకకు తెలియదు. ఒకే ఊళ్లో ఒక బోరులో ఎక్కువుండి పక్క బోరులో తక్కువుండవచ్చు. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిదని, వేరే దారి లేకపోతే 1.5 దాకా సర్దుకోవచ్చని మన దేశ ప్రమాణం చెబుతుంది. పరీక్ష చేయించకుండా ఏ బోరు ఎంతో ఎవరూ చెప్పలేరు. అద్దంలా మెరిసే నీళ్లను చూసి "నమ్మను" అన్న అత్తమ్మకు ఆ మాట చెప్పే హక్కు ఉంది, ఆమె మోకాళ్లే అందుకు సాక్ష్యం.

ఆమె ఏ కాలం మనిషో మీ వారికి ఒకసారి గుర్తుచేయండి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ నుంచి 480 మంది పోటీలో నిలబడ్డారు. ఈ ప్రాంతం నీళ్ల గోస దేశానికి వినపడాలనే వాళ్లలో ఎక్కువమంది నామినేషన్లు వేశారు. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది. అప్పటికి మీ అత్తమ్మకు నలభై దగ్గర ఉంటాయి, ఓటు వేసే ఉంటుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడు తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేస్తే దానికి 'నల్గొండ పద్ధతి' అని పేరొచ్చింది. నీళ్ల జబ్బుతో ముడిపడి మన జిల్లా పేరు పరాయి దేశాల పుస్తకాల దాకా పోయింది. (ఆ పద్ధతిని టెంటు దగ్గర ప్రయత్నించకండి. నీటిని పరీక్షించి కొలత ప్రకారం వేయాల్సిన మందులవి.)

అయితే అత్తమ్మకు చెప్పాల్సిన మాట కూడా ఒకటుంది. ఫ్లోరైడు ఏళ్ల తరబడి ఎముకల్లో చేరి చేసే హాని. ఒక రాత్రి రెండు గిలాసల బోరు నీళ్లతో ఆ హాని జరగదు. ఆ రాత్రి ఆమెను పడేసింది దాహం. ఎండాకాలం, అరవై ఎనిమిదేళ్ల ఒళ్లు, రాత్రంతా చుక్క నీరు లేదు. బీపీ మాత్రలు వేసుకుంటుందని కూడా రాశారు. వాటిలో కొన్ని ఒంట్లో నీటిని మూత్రంగా బయటికి పంపేవి ఉంటాయి. ప్రయాణానికి ముందు ఆమెను చూసే డాక్టరును ఈ సంగతి తప్పకుండా అడగండి.

ఇక మీ ఉత్తరంలో మీరు మామూలుగా రాసి దాటేసిన ఒక వాక్యం దగ్గరికి వస్తాను. "ప్రయాణం అంటే చాలు, ముందు రోజు నుంచే నీళ్లు తగ్గిస్తది" అని రాశారు. ఇంటి నీళ్లు ఇంట్లో ఉండగానే ఎందుకు తగ్గిస్తుంది? నాకు తోచింది చెబుతాను, మీరు సరిచూసుకోండి. మోకాళ్లు వంగని మనిషికి చెలకలో, చీకట్లో, కొడుకులూ మనవలూ ఉన్నచోట ఒంటికి పోవడం నరకం. కూర్చోలేదు, కూర్చుంటే లేవలేదు, ఒకరిని చేయి పట్టమని అడగలేదు. దానికి మనలో చాలామంది ఆడవాళ్లకు తెలిసిన మందు ఒకటే, నీళ్లు మానేయడం. "ఈ నీళ్లు నాకు పడవు" అనడం తేలిక. "నాకు కూర్చోరాదు" అని కొడుకు ముందు అనడం కష్టం. బోరు నీళ్ల మీద ఆమె అనుమానం నిజమైనదే, కానీ దాని వెనక ఈ ఇబ్బంది కూడా దాక్కుని ఉండొచ్చు. ఇది మీ వారు అడిగితే చెప్పదు. మీరిద్దరే ఉన్నప్పుడు, పనిలో పనిగా అడగండి.

అది నిజమైతే మీరు వంద లీటర్లు మోసుకుపోయినా ఆమె తాగదు. కాబట్టి నీళ్లతో పాటు కుర్చీ కూడా కొనాలి. మధ్యలో రంధ్రం ఉండే మడత కమోడ్ కుర్చీలు రోగుల సామాను అమ్మే దుకాణాల్లో దొరుకుతాయి. నాలుగు కర్రలు పాతి పాత చీర చుడితే మరుగు అవుతుంది. కింద గుంత తవ్వి, వాడాక మన్ను కప్పాలి. కృష్ణ ఒడ్డుకు కనీసం 200 అడుగుల దూరం ఉండేలా చూడండి. రాత్రికి అక్కడ ఒక లైటు వదిలేయండి, ఎవరినీ లేపకుండా ఆమె పోయి రాగలగాలి.

ఇప్పుడు లెక్క. పోయినసారి మీరు చేసిన అసలు పొరపాటు తాగే నీళ్లు, కడిగే నీళ్లు ఒకే క్యానులో పెట్టడం. చేతులు కడిగిన కొద్దీ తాగే నీళ్లు తరిగిపోయాయి. ఈ రెంటినీ విడదీయండి. చలికాలంలో పెద్దలకు రోజుకు 3 లీటర్లు, పిల్లలకు 2 లీటర్లు తాగడానికి అనుకుందాం. ఐదుగురికి 15, నలుగురికి 8, మొత్తం 23. వంటకు, చాయ్‌కి ఇంకో 12. అంటే రోజుకు 35 లీటర్ల మంచినీళ్లు. మీ ప్రయాణం పోయే రోజు, వచ్చే రోజు కలుపుకుని రెండున్నర రోజులు అనుకుంటే 88 అవుతుంది, చేతిలో కాస్త మిగులు పెట్టుకుంటే 100. లీటరు నీళ్లు కిలో బరువు. వంద కిలోలంటే బండిలో లావుపాటి మనిషి ఒకరు అదనంగా ఎక్కినట్టు. రెండు బండ్లకు పంచితే మోయవచ్చు కానీ సామాను, మనుషులు, టెంట్లు ఉన్నాక ఘాట్ రోడ్డు మలుపుల్లో బ్రేకు మీద ఆ బరువు తెలుస్తుంది.

అంతా మోయడం ఒక దారి. దాంట్లో నిశ్చింత ఉంది, బండికి భారమూ ఉంది. రెండో దారి, ఇంటి నుంచి 60 లీటర్లు తీసుకుని, మిగతాది రెండో రోజు కొల్లాపూర్‌లో నింపుకోవడం. ఇందులో ఒకరు పొద్దున్నే పోయి రావాలి, ఆ పని ఎవరిదో ముందే అనుకోకపోతే మళ్లీ గొడవ అక్కడే మొదలవుతుంది. ప్లాంటు నీళ్లు నింపుకుంటే మీ క్యాన్లలోనే పట్టించుకోండి. పది చేతులు మారిన వాళ్ల క్యాను చాలాసార్లు లోపలి నీళ్ల కంటే మురికిగా ఉంటుంది. మూడోది, అన్నీ సీలు సీసాలే కొనడం. సులువే, కానీ తొమ్మిది మందికి రెండున్నర రోజులకు తాగడానికే అరవై దాకా లీటరు సీసాలవుతాయి, ఖాళీవన్నీ తిరిగి మోసుకురావాలి. అత్తమ్మ అవి తాగుతుందో లేదో మీకే తెలుసు. నేనైతే రెండో దారి వైపు మొగ్గుతాను. కడగడానికి, కాళ్లకు చెలకలోని బోరు నీళ్లు ఎటూ ఉన్నాయి, వాటితో ఏ పేచీ లేదు.

క్యాన్ల సంగతి కొంచెం ఎక్కువే చెబుతాను, ఎందుకంటే గొడవలన్నీ అక్కడే పుడతాయి. ప్లాంటు వాళ్ల గుండ్రటి ఇరవై లీటర్ల క్యాన్లు నిలబెట్టి ఉంచడానికి తప్ప ప్రయాణానికి పనికిరావు. మూత బిగువుండదు, పడితే దొర్లుతుంది, బండి కుదుపులకు నీళ్లు చిమ్ముతుంది. వాటి బదులు పది లీటర్ల పలక క్యాన్లు, మర మూతవి, ఆరు కొనండి. పదికిలోల బరువు మీరూ మీ తోటికోడలూ ఎత్తగలరు. ఒకటి కారినా మిగతా ఐదు ఉంటాయి. అడుగున త్రికోణంలో 2 అంకె ఉన్నది చూసి, ఆహార పదార్థాలకు పనికొస్తుందని రాసి ఉంటేనే తీసుకోండి. నూనెదో, పురుగుమందుదో, ఫినాయిల్‌దో పాత డబ్బా ఎంత తోమినా వాడొద్దు. వెలుతురు చొరబడని నీలం రంగువైతే పాచి తొందరగా పట్టదు.

కొత్త క్యానుకు ప్లాస్టిక్ వాసన ఉంటుంది. వంటసోడా కలిపిన నీళ్లు రాత్రంతా నిలిపి, పొద్దున రెండుసార్లు కడగండి. వాసన పోకపోతే వెనిగర్ వేరే రోజు వాడండి. బ్లీచింగ్, వెనిగర్ మాత్రం ఎన్నడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది. మూతలో ఉండే రబ్బరు వలయాన్ని వేలితో తీసి చూడండి. పోయిన ట్రిప్పులో మీ పెద్దబాబు "నీళ్లు వాసనొస్తున్నయ్" అన్నాడని రాశారు కదా. క్యాను మెరుస్తున్నా ఆ వలయం కింద నల్లటి జిగురు పేరుకుని ఉంటుంది, వాసన అక్కడి నుంచే వస్తుంది.

బండిలో పెట్టేచోటు కూడా చూసుకోవాలి. పైకప్పు మీద వద్దు, అంత బరువు పైన ఉంటే మలుపుల్లో బండి ఒరుగుతుంది. డిక్కీలో, వెనక సీటు వీపుకు ఆనించి, నేల మీద, తాడుతో బిగించి పెట్టాలి. సగం నిండిన క్యానులో నీళ్లు ఊగుతాయి, కాబట్టి ఒకటి ఖాళీ అయ్యాకే ఇంకొకటి తెరవండి. దిగాక టెంటు నీడన ఎత్తు రాయి మీద పెట్టి, ఒక క్యానుకు మాత్రం నల్లా బిగించుకోండి. గిలాస ముంచి తీసుకునే పద్ధతి పెట్టుకోకండి, నలుగురు పిల్లల చేతులు ముంచిన నీళ్లు సాయంత్రానికి ఏమవుతాయో చెప్పక్కర్లేదు.

తప్పనిసరై బోరు నీళ్లో, నది నీళ్లో తాగాల్సి వస్తే తేటగా వడపోసి, బుడగలు ఎగసేలా ఒక నిమిషం మరిగించండి. క్లోరిన్ బిళ్ల అయితే ఎన్ని లీటర్లకు ఒకటో అట్ట మీద చూసి వేసి అరగంట ఆగండి. రెండు రోజుల ప్రయాణంలో పిల్లలకు ఫ్లోరైడు కంటే విరేచనాలే దగ్గరి ప్రమాదం. ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు పెట్టుకోండి. అవి లేకపోతే లీటరు మంచినీళ్లలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, తలగొట్టి కొలిచి కలపండి.

ఇక బిందె. దాన్ని ఇంట్లో వదిలేయమని అనకండి. మాది పాలమూరు. ఎండాకాలం లారీల ముందు వేలాడే తడి కాన్వాసు సంచిలో నీళ్లు ఎంత చల్లగా ఉండేవో, ఇంట్లో మట్టి రంజన్ మీద తడి గుడ్డ ఎండకుండా మా అమ్మ ఎన్నిసార్లు తడిపేదో నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది. నీళ్లు దొరకని నేల మీద పెరిగినవాళ్లు పాత్రను వస్తువుగా చూడరు. బిందెను ఖాళీగా, బట్టల మధ్య పెట్టి తీసుకుపొండి. ఆరు క్యాన్లలో ఒకటి అత్తమ్మది. ఇంటి నల్లా కింద ఆమె చేతనే పట్టించి, మూత ఆమె చేతనే బిగించి, మీద రంగుదారం కట్టండి. దిగాక ఆ క్యానులోంచి బిందెలోకి వంచి, ఆమె కుర్చీ పక్కన పెట్టండి. ఆ నీళ్లను ఎవరూ ముట్టకూడదని పిల్లలకు ముందే చెప్పండి. మోసే నీళ్ల బరువేమీ పెరగదు, ఖాళీ బిందె ఒకటి ఎక్కువ, అంతే.

ఇంకొక మాట ఆమెకు చెప్పి చూడండి. మీ ఇంటి నల్లాకు వచ్చేది కృష్ణ నీళ్లేనని రాశారు. సోమశిల ముందు నిలిచే కృష్ణే శ్రీశైలం దాటి సాగర్‌లో చేరి, అక్కడి నుంచి ఎత్తిపోస్తే, శుద్ధయ్యి మీ జిల్లాకు వస్తుంది. ఆమె పోతున్నది తన నల్లా నీళ్ల ఎగువకే. నది నీళ్లు ముంచుకుని నేరుగా తాగమని కాదు, ఆ ఒడ్డు ఆమెకు పరాయిది కాదని.

ఆమెను ఇంట్లో వదిలి పోవడం గురించి కూడా అడిగారు. అది తప్పని నేను అనను. నిజంగానే ఆమెకు ప్రయాణం భారమైతే, తోడు ఎవరైనా ఉంటే, ఇంట్లో ఉండటంలో ఆమెకు సుఖముంది. కానీ ఇప్పుడున్న స్థితిలో వదిలిపోతే, "నీ నీళ్లు మాకు బరువు" అన్న మాట ఖాయమైపోతుంది, రేపు పిలిచినా రాదు. మధ్యదారి ఇంకోటుంది. సోమశిలలో టూరిజం వాళ్ల కాటేజీలు ఉన్నాయి. ఒక గది తీసుకుంటే అత్తమ్మ, తోటికోడలు, చిన్నపిల్లలు రాత్రికి అక్కడ పడుకోవచ్చు, మిగతావాళ్లు టెంట్లలో ఉంటారు. ఖర్చు పెరుగుతుంది, పండుగ రోజుల్లో ముందే మాట్లాడుకోవాలి, అందరూ ఒకచోట పడుకునే సరదా తగ్గుతుంది. కుర్చీ ఏర్పాటుకు ఆమె ఒప్పుకోకపోతే ఇదే మేలు. నల్లమల లోపలికి పోవాలనుకుంటే పగటిపూటకే పెట్టుకోండి. అది పులుల అడవి, ఇష్టమొచ్చినచోట టెంటు వేయనివ్వరు, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా శ్రీశైలం దారి మూసేస్తారు.

మీ వారితో మాట్లాడటం మీకు కష్టంగా ఉందని రాశారు. మరిదితో చెప్పిద్దామా అని అడిగారు. వద్దనే అనిపిస్తుంది. తమ్ముడి ముందు తప్పు ఒప్పుకోవడం ఏ అన్నకూ తేలిక కాదు, ఇంకా బిగుసుకుంటాడు. మీరే చెప్పండి, తప్పెవరిదో తేల్చడానికి కాకుండా, కాచితే ఫ్లోరైడు పోదన్న ఒక్క విషయం చెప్పడానికి. తన మాట సగమే సరి అని తెలిస్తే ఆలోచించే మనిషిలాగే ఉన్నారు మీ ఉత్తరంలో. తల్లి పడిపోయిన రోజు దారిపొడుగునా ఒక్క మాట మాట్లాడలేదని రాశారు, అది కోపం కాకపోవచ్చు. లీటర్ల లెక్క, క్యాన్లు బిగించే పని ఆయనకే అప్పగించండి. ట్యాంకరు మాట ఆమె వినేటట్టు అన్నారు కదా, "అమ్మా, నీ క్యాను ముందు నింపు, మిగతావి తర్వాత నింపుకుంటం" అన్న మాట కూడా ఆమె వినేటట్టే ఆయన నోటి నుంచి రావాలి. ఆయన అనకపోతే మీరు పట్టుబట్టకండి, క్యాను మాత్రం ముందు నింపించండి.

కుర్చీ ఈ వారమే తెప్పించండి. ఇంట్లో మీరిద్దరే ఉన్న మధ్యాహ్నం వేసి కూర్చోబెట్టి చూడండి. ఆమె మోకాళ్లకు ఎత్తు చాలకపోతే కాళ్ల కింద చెక్కముక్కలు కట్టించాల్సి ఉంటుంది. అది సంక్రాంతి ముందు రోజు అయ్యే పని కాదు.